సిటీ హైబ్రిడ్డా, హైరైడర్ హైబ్రిడ్డా? బాబాయ్ ఎక్కి దిగాక తేలిన లెక్క

ఈ ఎపిసోడ్ నిజానికి ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా తమ్ముడు, అంటే మా బాబాయ్ కొడుకు, సత్తెనపల్లిలో ఉంటాడు. ఉద్యోగం గుంటూరులో. ఒకరోజు రాత్రి పదకొండు దాటాక ఫోన్ చేశాడు. "అన్నయ్యా, రేపు పొద్దున్నే బుకింగ్ అమౌంట్ కట్టాలి. హోండా సిటీ హైబ్రిడ్ తీసుకోమంటావా, టయోటా హైరైడర్ హైబ్రిడ్ తీసుకోమంటావా? ఒక్క మాటలో చెప్పేయ్" అన్నాడు.

"ఒక్క మాటలో అయ్యేదైతే నువ్వు ఈ టైంలో ఫోన్ చేయవు కదరా" అన్నాను.

వాడి పరిస్థితి చెప్తాను. ఇది తెలియకపోతే మిగతా ఎపిసోడ్ అంతా మామూలు స్పెసిఫికేషన్ల వీడియోలాగే ఉంటుంది. బాబాయ్‌కి వారానికి మూడు సార్లు డయాలసిస్. గుంటూరులో చేయిస్తున్నారు. సత్తెనపల్లి నుంచి గుంటూరు ఒకవైపు సుమారు 35 కిలోమీటర్లు. వీడికి ఆఫీస్ కూడా అక్కడే కాబట్టి రోజూ రానూ పోనూ 70. అంటే నెలకి ఎంత లేదన్నా 1,700, 1,800 కిలోమీటర్లు తిరుగుతాడు. ఇప్పటిదాకా పాత డీజిల్ బండి ఒకటి లాక్కొచ్చారు. అది రోడ్డు మీద రెండుసార్లు ఆగిపోయింది. రెండోసారి ఆగినప్పుడు బాబాయ్ లోపలే ఉన్నాడు, డయాలసిస్ అయిపోయి ఇంటికి వస్తున్నాడు, మే నెల మధ్యాహ్నం. ఇంక ఆ రోజు నుంచి ఇంట్లో కొత్త బండి మాటే.

మొదట ఒక అనుమానం తీర్చేస్తాను, ఎందుకంటే మీలో సగం మంది ఇప్పటికే అనుకుంటూ ఉంటారు: రోజుకి 70 కిలోమీటర్లు ఫిక్స్‌డ్‌గా తిరిగేవాడు ఎలక్ట్రిక్ కారు కొనొచ్చు కదా అని. కరెక్టే. సొంత ఇల్లు, ఇంట్లో చార్జింగ్ పాయింట్ ఉంటే నేను కూడా అదే చెప్పేవాడిని. ఎలక్ట్రిక్ మీద జీఎస్టీ 5 శాతమే, ఈ సైజు హైబ్రిడ్‌ల మీద 40 శాతం. 2025 సెప్టెంబర్ 22కి ముందు అది 43 శాతం ఉండేది. కానీ వీళ్ళది అద్దె ఇల్లు, బండి వీధిలో పెడతారు, మీటర్ ఓనర్ పేరు మీద ఉంది. వాడు అడిగితే ఓనర్ "చూద్దాంలే" అన్నాడట. మన ఊళ్ళలో "చూద్దాంలే" అంటే ఏంటో మీకు తెలుసు.

సరే, హైబ్రిడ్. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటి ఉంది. కారు వెనక "హైబ్రిడ్" అని బిళ్ళ ఉన్నంత మాత్రాన అది ఈ కేటగిరీ కాదు. మైల్డ్ హైబ్రిడ్ అని ఒకటి ఉంటుంది. అందులో చిన్న మోటార్ ఉంటుంది, ఇంజిన్‌ని స్టార్ట్ చేస్తుంది, పికప్‌లో కాస్త చేయి వేస్తుంది, అంతే. ఆ మోటార్ ఒక్కటే చక్రాలు తిప్పలేదు. హైరైడర్‌లోనే రెండు రకాలూ దొరుకుతాయి. నియో డ్రైవ్ అన్నది మైల్డ్. స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరు. స్ట్రాంగ్ హైబ్రిడ్‌లో ఇంజిన్ పూర్తిగా ఆఫ్ అయ్యి కారు కరెంట్ మీద కదులుతుంది. ఎక్కడా ప్లగ్ పెట్టక్కర్లేదు. బ్రేక్ వేసినప్పుడు వేస్ట్ అయ్యే శక్తితో, ఇంజిన్‌తో, బ్యాటరీ తనంతట తనే చార్జ్ అవుతుంది. మనం మాట్లాడుకునే రెండు కార్లూ స్ట్రాంగ్ హైబ్రిడ్‌లే.

రెండూ 2022లోనే వచ్చాయి. రెండిట్లోనూ 1.5 లీటర్ పెట్రోల్ ఇంజిన్. రెండూ అట్కిన్సన్ సైకిల్ అనే పద్ధతిలో నడుస్తాయి. అంటే ఇంజిన్ కాస్త బలం వదులుకుని పెట్రోల్ పొదుపు చేస్తుంది, ఆ తగ్గిన బలాన్ని మోటార్ భర్తీ చేస్తుంది. ఇక్కడిదాకా అన్నదమ్ముల్లాగే ఉంటాయి. కానీ లోపల కథ పూర్తిగా వేరు, నాకు ఈ టాపిక్‌లో బాగా నచ్చేది ఇదే, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

టయోటా పద్ధతి ఏంటంటే, ఇంజిన్, రెండు మోటార్లు, వీటి మధ్యలో ప్లానెటరీ గేర్ సెట్ అని ఒక పళ్ళ చక్రాల గుత్తి. మధ్యలో సూర్యుడి లాంటి చక్రం, దాని చుట్టూ గ్రహాల్లా తిరిగే చిన్న చక్రాలు, వీటన్నిటికీ బయట ఒక పెద్ద రింగు. ఇంజిన్ ఇచ్చిన బలంలో కొంత నేరుగా చక్రాలకి వెళ్తుంది, కొంత జనరేటర్‌ని తిప్పి కరెంట్ అవుతుంది. ఎంత ఎటు వెళ్ళాలో కంప్యూటర్ క్షణక్షణం మారుస్తూ ఉంటుంది. 1997లో వచ్చిన మొదటి ప్రియస్ నుంచి మూలసూత్రం ఇదే. గేర్లు మారడం లేదు, బెల్ట్ లేదు, క్లచ్ ప్లేట్ అరిగిపోయేది లేదు. పేరుకి ఈ-సీవీటీ అంటారు గానీ మామూలు సీవీటీలో ఉండే బెల్ట్ ఇందులో ఉండదు.

హోండా ఇంకోలా ఆలోచించింది. సిటీ ఇ-హెచ్‌ఈవీలో చాలాసేపు ఇంజిన్ చక్రాల జోలికే వెళ్ళదు. అది ఇంట్లో కరెంట్ పోతే వేసుకునే జనరేటర్ లాంటిది. కరెంట్ తయారు చేస్తుంది, ఆ కరెంట్‌తో పెద్ద మోటార్ కారుని లాగుతుంది. హైవే మీద నిలకడగా వెళ్తున్నప్పుడు మాత్రం ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకి కనెక్ట్ అవుతుంది, ఎందుకంటే ఆ స్పీడ్‌లో కరెంట్‌గా మార్చి మళ్ళీ బలంగా మార్చడం దండగ. 

దీని వల్ల స్టీరింగ్ దగ్గర కూర్చున్నవాడికి తేడా ఏంటి? సిటీలో లాగేది మోటార్ కాబట్టి దాని బలం పెద్దది: 253 న్యూటన్ మీటర్ల టార్క్. హైరైడర్ మోటార్‌ది 141. మొత్తం పవర్ చూస్తే సిటీ 126 పీఎస్, హైరైడర్ 116 పీఎస్. సిటీ యాక్సిలరేటర్ నొక్కితే వెంటనే అందుకుంటుంది, లారీని దాటేటప్పుడు ఆ తేడా తెలుస్తుంది. హైరైడర్ దాటదని కాదు, దాటుతుంది, కాకపోతే మూడు సిలిండర్ల ఇంజిన్ కదా, గట్టిగా నొక్కితే కాస్త గోల చేస్తుంది. సిటీది నాలుగు సిలిండర్లు, అది కూడా గట్టిగా నొక్కితే అరుస్తుంది గానీ అరుపులో మర్యాద ఉంటుంది. మా తమ్ముడు టెస్ట్ డ్రైవ్‌లో సిటీకి పడిపోయింది ఇక్కడే. "అన్నయ్యా, అది వెళ్తోందంటే..." అని మొదలుపెట్టి వాక్యం పూర్తి చేయలేదు.

మైలేజ్ సర్టిఫికెట్ చూస్తే హైరైడర్‌కి లీటర్‌కి 27.97, సిటీకి 27.13. ఈ తేడా గురించి ఆలోచించకండి, ఇది తేడానే కాదు. రోడ్డు మీద రెండూ అంత ఇవ్వవు. నడిపేవాడి కాలు, ఏసీ, టైర్లలో గాలి, పెట్రోల్‌లో కలిసే ఇథనాల్, అన్నీ కాస్త కాస్త కొరుకుతాయి. నేను లెక్కలు వేసేటప్పుడు హైబ్రిడ్‌కి 22 పట్టుకుంటాను. ఎక్కువ వస్తే సంతోషం. ఇంకో విషయం, మామూలు కారు హైవే మీద ఎక్కువ ఇస్తుంది, ఊళ్ళో తక్కువ ఇస్తుంది కదా. స్ట్రాంగ్ హైబ్రిడ్ దానికి తిరగేసి. ఆగి ఆగి వెళ్ళే చోట, బ్రేకులు వేసే చోట దీనికి పండగ. ఎనభైకి పైన నిలకడగా వెళ్తే ఆ పండగ తగ్గిపోతుంది. అందుకే హైదరాబాద్‌లో మియాపూర్ నుంచి హైటెక్ సిటీ వెళ్ళేవాడికి వచ్చే లాభం, వారం వారం విజయవాడ హైవే కొట్టేవాడికి రాదు.

ఇప్పుడు డబ్బులు. అసలు హైబ్రిడ్‌కి ఎక్కువ పెట్టడం గిట్టుబాటేనా? అదే హైరైడర్‌లో ఆటోమేటిక్ మైల్డ్ పెట్రోల్‌కీ, స్ట్రాంగ్ హైబ్రిడ్‌కీ తేడా రెండున్నర లక్షలు అనుకుందాం. లీటర్ పెట్రోల్ 107 అనుకుందాం. మామూలు ఆటోమేటిక్ రోడ్డు మీద 14 ఇస్తే కిలోమీటర్‌కి 7 రూపాయల 64 పైసలు. హైబ్రిడ్ 22 ఇస్తే 4 రూపాయల 86 పైసలు. మిగిలేది 2 రూపాయల 78 పైసలు. రెండున్నర లక్షలు తిరిగి రావాలంటే దాదాపు 90 వేల కిలోమీటర్లు తిరగాలి. 

నెలకి వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి అది ఏడున్నర ఏళ్ళు. ఆ లోపు కారే అమ్మేస్తాడు. మా తమ్ముడిలా నెలకి 1,750 తిరిగేవాడికి నెలకి 4,800 పైన మిగులుతుంది, నాలుగేళ్ళు దాటగానే లెక్క సరిపోతుంది. అంటే వాడికి హైబ్రిడ్ సరైన మాటే. కానీ నెలకి ఐదారు వందలు తిరుగుతూ, ఆదివారం గుడికి, పండక్కి ఊరికి వెళ్ళేవాళ్ళు మైలేజ్ కోసం హైబ్రిడ్ కొంటున్నామని చెప్తే నేను ఒప్పుకోను. సైలెంట్‌గా ఉంటుంది, నచ్చింది, కొన్నాం అనండి, అది నిజాయితీ. ఇంకొకటి, ఉత్తరప్రదేశ్‌లో 2024 జులైలో స్ట్రాంగ్ హైబ్రిడ్‌లకి రిజిస్ట్రేషన్ టాక్స్ తీసేశారు. హిందీ వీడియోలు చూసి ఆ ఆన్-రోడ్ రేట్లతో ఇక్కడ బడ్జెట్ వేసుకోకండి. మీ ఊరి కొటేషన్ మీ చేతిలో ఉండాలి, కాగితం మీద.

కొటేషన్ అంటే గుర్తొచ్చింది. మా వాడికి ఒక షోరూమ్‌లో, పేరు అనవసరం, "ఇన్సూరెన్స్ మా దగ్గర తీసుకోకపోతే హైబ్రిడ్ బ్యాటరీ వారంటీ ఉండదు" అన్నారట. అబద్ధం. ఇన్సూరెన్స్ ఎవరి దగ్గర తీసుకోవాలన్నది మీ ఇష్టం, దానికీ బ్యాటరీ వారంటీకీ సంబంధం లేదు. రెండు కంపెనీలూ హైబ్రిడ్ బ్యాటరీకి 8 ఏళ్ళు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది, వారంటీ ఇస్తున్నాయి. వారంటీ పుస్తకం చూపించమని అడగండి. బయట కొటేషన్ ఒకటి ఫోన్‌లో తెచ్చి చూపించగానే మా వాడికి అదే షోరూమ్‌లో ఇన్సూరెన్స్ రేటు తగ్గింది, ఇది కూడా చెప్పాలి.

ఇక అసలు పోటీ. హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్ ఎస్, జి, వి అని మూడు వేరియంట్లలో వస్తుంది. సిటీ హైబ్రిడ్ టాప్ వేరియంట్‌లోనే. కాబట్టి సిటీ తీసుకుంటే అన్నీ తీసుకోవాల్సిందే, తగ్గించుకునే దారి లేదు. ఆ "అన్నీ"లో మంచి వస్తువు ఒకటి ఉంది: హోండా సెన్సింగ్. ముందు బండి హఠాత్తుగా ఆగితే హెచ్చరిస్తుంది, మీరు పట్టించుకోకపోతే బ్రేక్ తనే వేస్తుంది. హైవే మీద ముందు బండికి తగ్గట్టు స్పీడ్ సర్దుకుంటుంది. హైరైడర్‌లో ఇది లేదు. హైరైడర్ టాప్‌లో పెద్ద అద్దం పైకప్పు, చల్లగాలి వచ్చే ముందు సీట్లు, చుట్టూ చూపించే కెమెరా ఉంటాయి. నన్నడిగితే ఈ మూడింటికంటే ఆ ఒక్క బ్రేకే విలువైనది. మన ఎండలకి అద్దం పైకప్పు ఎందుకో నాకు ఇప్పటికీ అర్థం కాదు, కొన్నవాళ్ళు కోప్పడకండి.

మా తమ్ముడు చూసిన కొటేషన్లలో హైరైడర్ కింది వేరియంట్‌కీ సిటీకీ ఆన్-రోడ్ తేడా మూడు లక్షలు పైనే వచ్చింది. వాడు దాన్ని "ఎలాగూ లోనే కదా అన్నయ్యా" అన్నాడు. మూడు లక్షలు, 9 శాతం వడ్డీ, ఐదేళ్ళు, నెలకి 6,200 పైన. బాబాయ్‌కి డయాలసిస్ కార్డు మీద జరుగుతున్నా, పై మందులు, పరీక్షలు చేతి డబ్బులే. "నీకు నెలాఖరున ఆరు వేలు మిగులుతున్నాయా?" అని అడిగాను. కాసేపు ఫోన్‌లో ఫ్యాన్ చప్పుడే వినిపించింది.

అయినా నేను అప్పుడు కూడా సిటీ వద్దు అనలేదు. ఒక పని చేయమన్నాను. "రేపు బుకింగ్ కట్టకు. డయాలసిస్ ఉన్న రోజు, అయిపోయాక, బాబాయ్‌ని తీసుకుని షోరూమ్‌కి వెళ్ళు. నేనూ వస్తాను" అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "నాన్న ఆ రోజు నీరసంగా ఉంటాడు, ఇంకోరోజు తీసుకెళ్తా" అన్నాడు. అదేరా నేను చెప్పేది. బాగున్న రోజు ఏ కారైనా ఎక్కుతాడు. ఈ బండి కొంటున్నది బాగాలేని రోజు కోసం.

డయాలసిస్ తర్వాత చాలామందికి బీపీ పడిపోతుంది. కూర్చున్నచోటు నుంచి లేస్తే కళ్ళు తిరుగుతాయి. బాబాయ్‌కి ఎడమ చేతికి ఫిస్టులా ఉంది. ఆ చేతి మీద బరువు పడకూడదు, దాంతో దేన్నీ గట్టిగా లాగకూడదు. ఇవి ఏ రివ్యూలోనూ ఉండవు కదా.

మొదట సిటీ. సెడాన్ కాబట్టి సీటు కిందికి ఉంటుంది. బాబాయ్ వెనక ఎడమ తలుపు తీసి, తల వంచి, ఒక్కసారిగా లోపలికి కూలబడ్డాడు. కూర్చున్నాక మాత్రం ముఖం తేటపడింది. కాళ్ళు చాపుకునేంత జాగా. సీటు మెత్తగా ఉంది. గుంటూరు రోడ్ల మీద రెండు రౌండ్లు తిప్పాం, కుదుపు తెలియలేదు. "ఇది బానే ఉందిరా" అన్నాడు. మా తమ్ముడు నా వైపు గెలిచినవాడిలా చూశాడు. తర్వాత షోరూమ్ ముందు ఆపాం. బాబాయ్ దిగాలి. కాళ్ళు బయట పెట్టాడు. మోకాళ్ళు నడుము కంటే పైకి ఉన్నాయి. లేవడానికి ఆసరా కావాలి. తలుపు పైన పట్టుకునే హ్యాండిల్ ఆయన ఎడమ చేతి వైపే ఉంది. అలవాటుగా ఆ చెయ్యి పైకి వెళ్ళింది. పిన్ని "ఆ చెయ్యి వద్దండీ" అని గట్టిగా అరిచింది. సేల్స్ కుర్రాడు పరుగెత్తుకొచ్చి పట్టుకుని లేపాడు. లేచాక బాబాయ్ తలుపు పట్టుకుని కాసేపు అలాగే నిలబడిపోయాడు.

ఎవరూ ఏమీ మాట్లాడలేదు. 

హైరైడర్ సీటు ఎత్తు. ఎక్కేటప్పుడు ఎక్కడం కాదు, పక్కకి జరిగి కూర్చోవడమే. దిగేటప్పుడు కాళ్ళు బయట పెడితే నేల అందుతుంది, శరీరం దానంతట అదే ముందుకు జారుతుంది. ఏదీ పట్టుకోకుండా దిగాడు. లోపల మాత్రం సిటీ అంత విశాలం కాదు. ముగ్గురు కూర్చుంటే మధ్యలోవాడికి ఇబ్బందే. కానీ వెనక సీటు వీపు కాస్త వెనక్కి వాలుతుంది, నీరసంగా ఉన్న మనిషికి అది బాగుంటుంది. నేల నుంచి బండి ఎత్తు 210 మిల్లీమీటర్లు. సత్తెనపల్లి వీధుల్లో ఎవరిష్టం వచ్చినట్టు వాళ్ళు వేసుకున్న స్పీడ్ బ్రేకర్లకి ఆ ఎత్తు కావాలి.

డిక్కీ విషయంలో రెండిటికీ చీవాట్లే. బ్యాటరీ వెనకే పెడతారు కాబట్టి జాగా తినేస్తుంది. మామూలు సిటీ డిక్కీ 506 లీటర్లు, హైబ్రిడ్‌లో 306. మైల్డ్ హైరైడర్‌లో 373, స్ట్రాంగ్‌లో 265 దాకా. అమెరికా నుంచి అన్నయ్యో అక్కయ్యో దిగితే శంషాబాద్ నుంచి నలుగురు మనుషులూ, నాలుగు పెద్ద పెట్టెలూ ఈ రెండిట్లో ఏ బండిలోనూ రావు. ఆ రోజుకి ఇన్నోవా అద్దెకి తీసుకోండి. మడిచే వీల్‌చైర్ కొలత మాత్రం తీసుకుని వెళ్ళాం. పట్టింది, కానీ దాని పక్కన ఇంకో బ్యాగే పడుతుంది.

"మరి గ్రాండ్ విటారా?" అంటారు. మారుతి గ్రాండ్ విటారా స్ట్రాంగ్ హైబ్రిడ్, హైరైడర్ స్ట్రాంగ్ హైబ్రిడ్, రెండూ కర్ణాటకలో బిడది దగ్గర టయోటా ఫ్యాక్టరీలోనే తయారయ్యాయి. ఇంజిన్, మోటార్, బ్యాటరీ ఒకటే. ముందు ముఖం, కొన్ని ఫీచర్లు, బిళ్ళ వేరు. మీ ఊరికి ఏ సర్వీస్ సెంటర్ దగ్గరో, ఎవరు త్వరగా డెలివరీ ఇస్తారో, ఎవరు ఎక్కువ తగ్గిస్తారో, దాన్ని బట్టి తీసుకోండి. దీని మీద ఇరవై నిమిషాల వీడియో అవసరం లేదు.

కొన్నవాళ్ళకి, కొనబోయేవాళ్ళకి వాడకంలో కొన్ని మాటలు. టెస్ట్ డ్రైవ్‌లో ఒక సేల్స్ అబ్బాయి "సిగ్నల్ దగ్గర న్యూట్రల్‌లో పెట్టండి సార్, చార్జ్ మిగులుతుంది" అన్నాడు. తిరగేసి చెప్పాడు. టయోటా హైబ్రిడ్‌ని న్యూట్రల్‌లో పెడితే బ్యాటరీ చార్జ్ అవ్వదు. బ్రేక్ మీద కాలు పెట్టి డి లోనే ఉంచండి. ఇంజిన్ ఎలాగూ ఆఫ్‌లోనే ఉంటుంది.

ఏసీ గురించి చాలామందికి తెలియదు. ఈ కార్లలో ఏసీ కంప్రెసర్ కరెంట్ మీద నడుస్తుంది, ఇంజిన్ బెల్ట్ మీద కాదు. ఇంజిన్ ఆగినా చల్లగానే ఉంటుంది. అయితే హైరైడర్ బ్యాటరీ చిన్నది, 0.76 కిలోవాట్ అవర్. బండి నిలబెట్టి ఏసీ వేసుకుంటే కాసేపటికి అది తగ్గుతుంది, ఇంజిన్ తనే స్టార్ట్ అయ్యి నింపి మళ్ళీ ఆగుతుంది. అలా జరిగితే కంగారు పడకండి. డయాలసిస్ నాలుగు గంటలు పడుతుంది, పిన్ని బయట వెయిట్ చేయాలి, వేసవిలో ఆమెకి ఇది పెద్ద ఉపకారం. మూసి ఉన్న గ్యారేజ్‌లో మాత్రం అలా కూర్చోకూడదు, ఇంజిన్ ఎప్పుడు ఆన్ అవుతుందో మీకు తెలియదు, పొగ లోపలే ఉండిపోతుంది.

ఘాట్ రోడ్డు. దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తున్నారనుకోండి. ఎక్కేటప్పుడు బ్యాటరీ త్వరగా తగ్గిపోతుంది, తర్వాత ఇంజిన్ గట్టిగా అరుస్తూ లాగుతుంది. బండి పాడైందని అనుకోకండి. దిగేటప్పుడు హైరైడర్‌లో గేర్ లివర్ బి లో పెట్టండి, సిటీలో స్టీరింగ్ వెనక ప్యాడిల్స్ ఉంటాయి, వాటితో ఎంత బలంగా తగ్గాలో ఎంచుకోవచ్చు. బ్రేకులు వేడెక్కవు, దిగేలోపు బ్యాటరీ నిండుతుంది. 

పెద్ద బ్యాటరీతో పాటు మామూలు 12 వోల్టుల చిన్న బ్యాటరీ కూడా ఉంటుంది. బండి స్టార్ట్ కానిది ఎక్కువసార్లు దాని వల్లే. వారాల తరబడి బండి కదపకపోతే అది డిశ్చార్జ్ అవుతుంది. అప్పుడప్పుడు రెడీ మోడ్‌లో కాసేపు ఉంచండి. పెద్ద బ్యాటరీని చల్లబరచడానికి గాలి లోపలికి పోయే జాలీ ఎక్కడుందో డెలివరీ రోజే అడిగి చూడండి. దాని మీద సంచులు, దుప్పట్లు పెట్టకండి.

మా వాడి సంగతికి వస్తాను. షోరూమ్ నుంచి ఇంటికి వచ్చే దారిలో వాడే అన్నాడు, "సిటీ నాకు నచ్చింది అన్నయ్యా, హైరైడర్ నాన్నకి సరిపోయింది" అని. నేను ఏమీ అనలేదు. మొదట టాప్ వేరియంట్ వైపు వెళ్ళాడు, తర్వాత ఎస్ కి దిగాడు. అద్దం పైకప్పు లేదు, సీట్లో చల్లగాలి లేదు. ఇంజిన్, మోటార్, బ్యాటరీ అవే. మిగిలిన డబ్బులు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తానన్నాడు, చేశాడో లేదో నేను అడగలేదు. ముందు బండి ఆగితే తనే బ్రేక్ వేసే ఆ ఫీచర్ లేదని మాత్రం నాకు ఇప్పటికీ మనసులో ఉంది. రాత్రి పూట అలసిపోయి నడిపేది వాడే కదా. మీ ఇంట్లో మోకాళ్ళ నొప్పులు, ఇలాంటి ఇబ్బందులు లేకుండా, ఎక్కువగా మీరే నడిపేవాళ్ళైతే, బడ్జెట్ ఉంటే, నేను సిటీయే తీసుకోమంటాను.

బండి వచ్చి మూడు నెలలైంది. రోజూ పొద్దున బాబాయ్ ముందు సీట్లో కూర్చుంటాడు, వాడు బటన్ నొక్కుతాడు, చప్పుడు ఏమీ రాదు. ఇప్పటికీ బాబాయ్ అడుగుతూనే ఉన్నాడట, "స్టార్ట్ అయిందంట్రా?" అని. అప్పటికి బండి గేటు దాటి ఉంటుంది.